పాసయ్యే జవాబులు

ఆయన్ని బ్రేకు మాస్టారు అనేవాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదది, బండి నేర్చుకున్న శిష్యులు పెట్టింది. డ్రైవింగు స్కూలు బండిలో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు తడబడితే పక్కన కూర్చున్న మాస్టారు తొక్కడానికి. తక్కిన మాస్టర్లు దాన్ని అవసరం పడితే తొక్కేవారు. మన మాస్టారు బండి స్టార్టు కాకముందే దాని మీద కాలు పెట్టి, బండి ఆగాక గాని తీసేవారు కాదు. “మీరు అలా తొక్కిపట్టుకుంటే బండి కదలదు కదండీ” అని ఎవరైనా గొణిగితే, “కదలకపోతే ఎవరూ చావరు, ముందు బెల్టు పెట్టుకో” అనేవారు.

ఎంతమందికి నేర్పారో ఆయనకే గుర్తులేదు. పెళ్ళి కుదిరిన పిల్లలు, పాల వ్యాన్లవాళ్ళు, స్టీరింగు పట్టుకోగానే చెమటలు పట్టే బ్యాంకు మేనేజరు, దీపస్తంభాన్ని గుద్ది తప్పు స్తంభానిదేనని వాదించిన రిటైర్డు జడ్జి, అందరూ ఆయన అరుపులు పడ్డవాళ్ళే. అరిచినంతసేపూ ఆయన మొహం రోడ్డు వైపే ఉండేది. పక్కవాడి కళ్ళలోకి చూసి మాట్లాడటం ఆ వృత్తిలో కుదరదు. తిట్టినా, మెచ్చుకున్నా, ఎప్పుడైనా ఒక సొంత మాట చెప్పుకున్నా ఎదురుగా ఉన్న అద్దానికే చెప్పాలి. అలా చెప్పీ చెప్పీ ఇంట్లో కూడా ఆయన గోడకేసి మాట్లాడేవారు.

బండి నడపడం ఒక ఎత్తు, పరీక్ష పాసవడం ఒక ఎత్తు. ఆ రెండోదాంట్లో మాస్టారిని మించినవాడు లేడు. “ఆఫీసరు నీ డ్రైవింగు చూడడు, నీ మొహం చూస్తాడు. మామూలుగా పెట్టు. అద్దంలో చూస్తే సరిపోదు, చూసినట్టు ఆయనకి కనబడాలి, అందుకని మెడ తిప్పు. భయంగా ఉందా అంటే లేదను. కళ్ళు తిరుగుతాయా అంటే లేదను. నిద్ర సరిగా పట్టదా అంటే లేదను. అన్నిటికీ లేదు. అంతే, పాసు.” అలా లేదు లేదనిపించి ఆయన గట్టెక్కించినవాళ్ళు ఎంతమంది ఈ రోడ్ల మీద తిరుగుతున్నారో తలుచుకుంటే, రోడ్డు దాటేముందు మనమే రెండుసార్లు మెడ తిప్పుకోవడం మంచిది.

అలాంటి మాస్టారికి ఒక తెల్లవారుజామున గుండెపోటు వచ్చింది. రొమ్ము మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టయి, మాట రాక, మంచం అంచు పట్టుకుని ఉండిపోయారు. సొంత బండి గుమ్మం ముందే ఉంది. తాళం గోడమేకుకి వేలాడుతోంది. బండి తీసే మనిషే ఇంట్లో లేరు. ఊరందరికీ స్టీరింగు పట్టించిన మనిషి కట్టుకున్న భార్యకి నేర్పలేదు. అసలు నేర్పలేదనడం అన్యాయం, పెళ్ళైన కొత్తలో ఒక్కరోజు నేర్పారు. ఆ ఒక్కరోజు ఆయన అరిచిన అరుపులకి ఆవిడ నడిరోడ్డు మీద బండి ఆపి, తలుపు తీసుకుని దిగి, ఇంటికి నడిచి వచ్చేసింది. మళ్ళీ ఆ సీటు వైపు చూడలేదు. “దీపం కిందే చీకటంటారు, అది మా ఇల్లే” అని చుట్టాల దగ్గర నవ్వుతూ చెప్పేది. ఆ తెల్లవారుజామున మాత్రం చెప్పులు కూడా లేకుండా వీధిలో పరిగెత్తి, కనబడిన తలుపల్లా బాదింది. ఎవరూ సమయానికి లేవలేదు. చివరికి పక్క వీధిలో ఉండే సొంత తమ్ముడు వచ్చి, బావగారిని బండిలో వేసుకుని ఆసుపత్రిలో చేర్చాడు. మూసుకుపోయిన రక్తనాళంలో సన్నని గొట్టం పెట్టి తెరిచారు. ఇంకాస్త ముందు తీసుకొస్తే బాగుండేదని పెద్ద డాక్టరు అన్నాడు. ఆ మాట ఆవిడ మనసులో మేకులా దిగిపోయింది.

గుండె కోలుకుంది. మాస్టారు కోలుకోలేదు.

స్కూలుని ఆ బావమరిదే చూసుకుంటున్నాడు. మాస్టారి కుర్చీ ముందుగది కిటికీ పక్కన వేశారు. కిటికీ బయటే స్కూలు బండ్లు నిలిపే ఖాళీ స్థలం. గేరు సరిగా పడక బండి కీచుమంటే ఒకప్పుడు భోజనం దగ్గర్నుంచి లేచి వెళ్ళి, “అది బండిరా, పిండిమర కాదు” అని కేకలేసేవారు. ఇప్పుడూ ఆ కీచు వినబడుతూనే ఉంది. చెవికి తెలుస్తోంది, మనిషికి తెలియడం లేదు. చింత చచ్చినా పులుపు చావలేదంటారు. ఆయన విషయంలో పులుపే ముందు చచ్చింది. గడ్డం గీసుకోవడం పెద్ద పనైపోయింది. స్నానానికి లేవాలంటే ఎవరినో వీపున మోసుకుని లేచినట్టుండేది. పొద్దున్న కళ్ళు తెరవగానే, మళ్ళీ సాయంత్రం దాకా ఉండాలి కదా అని నీరసం వచ్చేది.

ఇంట్లోవాళ్ళు ఏమీ చేయలేదని కాదు, చేయాల్సినదానికంటే ఎక్కువే చేశారు. “మనసుకి కష్టం కలగకుండా చూసుకోండి” అని పెద్ద డాక్టరు ఇంటికి పంపేముందు ఒక్క ముక్క అన్నాడు. ఆ ముక్క పట్టుకుని ఇల్లంతా గొంతు తగ్గించేసింది. ఫోను మోగితే ఆవిడ పెరట్లోకి పట్టుకెళ్ళి మాట్లాడేది. స్కూల్లో ఏం జరుగుతోందో బావమరిది చెప్పేవాడు కాదు. ఈయన గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. “టీ పెట్టనా?” “ఫ్యాను తగ్గించనా?” తప్ప ఆ ఇంట్లో ఆయనతో వేరే మాట లేదు. ఒకరోజు ఆవిడ కళ్ళు వాచి ఉంటే ఏమిటని అడిగారు. జలుబంది. ఆయన మరి అడగలేదు. తన వల్లే ఏడుస్తోందనుకున్నారు. నన్ను అప్పుడే గోడ మీద ఫొటోని చేసేశారు, దుమ్ము దులుపుతున్నారు, అంతే, అనుకున్నారు.

మాత్రలు మానేసింది ఆ రోజుల్లోనే. చావాలని గట్టిగా అనుకుని కాదు. అంత గట్టిగా అనుకోవడానికి కూడా ఓపిక కావాలి. ఒకరోజు మర్చిపోయారు. మర్నాడు గుర్తొచ్చింది గాని, ఎందుకులే అనిపించింది. ఆవిడ రోజూ మాత్రలు అరచేతిలో పెట్టి నీళ్ళందించేది. ఆయన నీళ్ళు తాగేవారు. మాత్రలు చొక్కా జేబులోకి, అక్కణ్ణుంచి స్నానాల గది తూములోకి పోయేవి. వాటిలో ఒకటి ఆ గొట్టంలో నెత్తురు గడ్డకట్టకుండా చూసే మాత్ర. అది మానేస్తే గొట్టం ఏ రోజైనా మూసుకుపోవచ్చని ఆసుపత్రిలో మరీ మరీ చెప్పారు. అది ఆయనకి గుర్తుంది. గుర్తుండే చేస్తున్నారు.

ఆ ఆసుపత్రిలోనే ఒక పరిశోధన జరుగుతోంది. గుండె వార్డు చివర చిన్న గదిలో ఒక డాక్టరమ్మ కూర్చుని, గుండెపోటు వచ్చి వెళ్ళినవాళ్ళని నెలకోసారి పిలిచి వాళ్ళ మనసు సంగతి అడుగుతుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ ఓపిగ్గా వివరించింది.

“గుండెపోటు తర్వాత చాలామందికి మనసు కుంగుతుంది సార్. ఇది ధైర్యం లేక వచ్చేది కాదు, జ్వరం లాంటిదే. అలా కుంగినవాళ్ళకి గుండె మళ్ళీ ఇబ్బంది పెట్టే ప్రమాదం ఎక్కువని ఈమధ్య పరిశోధనలు చెబుతున్నాయి. లోపల ఒత్తిడి వల్ల గుండె మీద భారం పడుతుంది. పైగా వాళ్ళు నడవరు, నిద్రపోరు, కొంతమందైతే మందులే మానేస్తారు.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మాస్టారి చెయ్యి జేబు మీదికి పోయింది. డాక్టరమ్మ అప్పుడు కంప్యూటరు వైపు చూస్తోంది.

“మనసుకి వైద్యం చేస్తే మనసైతే తేలికపడుతుంది. గుండెకి ఎంతవరకు మేలు జరుగుతుందో ఇంకా పూర్తిగా తేలలేదు. అది తేల్చడానికే ఈ పరిశోధన. మీరు చెప్పే జవాబుల్ని బట్టి ఎవరికి ఏం అవసరమో చూస్తాం. సరేనా?”

మాస్టారు సరేనన్నారు. ఆవిడ ఒక్కో ప్రశ్నా చదివింది. ఈమధ్య ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉంటోందా? దిగులుగా ఉంటోందా? నిద్ర పట్టడం లేదా? మీరు ఎందుకూ పనికిరారని అనిపిస్తోందా? అసలు లేదా, అప్పుడప్పుడా, దాదాపు రోజూనా?

ఎదురుగా బల్ల, బల్ల అవతల ఆఫీసరు, చేతిలో పెన్ను, వరసగా ప్రశ్నలు. ఒక జన్మంతా ఆయన శిష్యుల్ని తయారుచేసింది ఇలాంటి బల్ల ముందు కూర్చోవడానికే. మొహం దానంతట అదే మామూలుగా అయిపోయింది. నడుం నిటారుగా నిలబడింది. “లేదమ్మా” అన్నారు. “లేదు. లేదు. అబ్బే, లేదు.” మెడ తిప్పాల్సిన చోట తిప్పారు, నవ్వాల్సిన చోట నవ్వారు.

“మీకు ఏ ఇబ్బందీ లేదు సార్, చాలా సంతోషం” అంది డాక్టరమ్మ. కుంగినవాళ్ళకి ఇచ్చే మాటల వైద్యం లెక్కలోకి ఆయన రాలేదు. నెలకోసారి ప్రశ్నలు అడిగితే చాలు, రోజూ కాస్త నడవండి, అని పంపేసింది. బయటికొచ్చాక ఆవిడ, అంటే భార్య, “ఏమన్నారు?” అని ఆత్రంగా అడిగింది. “పాసు” అన్నారు మాస్టారు. ఆ తర్వాతి నెలా అంతే. తన బుర్ర ఇంకా పనిచేస్తున్నందుకు కాస్త గర్వం కూడా కలిగింది. పరీక్ష పాసై రోగం ఉంచుకున్నవాడిని ఏమనాలో తెలియదు గాని, ఆయనకది తప్పని తట్టనే లేదు. ప్రశ్నలడిగేవాళ్ళకి నిజం చెప్పకూడదన్నది ఆయన వృత్తిధర్మం.

నడక కూడా అలాగే పాసైంది. సాయంత్రం చెప్పులేసుకుని బయల్దేరేవారు. వంతెన మీదికి ఎక్కే మిట్టరోడ్డు మొదట్లో బస్సు కోసం ఆగేవాళ్ళకి వేసిన బల్ల ఉంటే దాని మీద కూర్చుని, కాసేపయ్యాక తిరిగొచ్చేవారు. “ఎంతదాకా వెళ్ళారు?” అంటే “వంతెన దాకా” అనేవారు. అబద్ధమేమీ కాదు.

ఆ మిట్ట అంటే నేర్చుకునేవాళ్ళకి హడల్. పైన సిగ్నలుంటుంది. ఎర్రదీపం పడితే వాలులో ఆగాలి. మళ్ళీ కదిలేటప్పుడు క్లచ్చి సగం వదిలి పట్టుకోలేకపోతే బండి వెనక్కి జారుతుంది. ఒకరోజు ఆయన బల్ల మీద కూర్చుని ఉండగానే స్కూలు బండి ఒకటి వాలులో ఆగింది. పచ్చదీపం పడింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక ఆటోవాడు హారన్ మోగించాడు. మాస్టారి కుడికాలు నేలని గట్టిగా తొక్కింది. ఆయన తొక్కమనలేదు, అదే తొక్కింది. బండి ఆటోకి ఇంచుమించు తగిలేంత దగ్గరగా ఆగింది. లోపల పక్క సీట్లో బావమరిది. స్టీరింగు వెనక, చీర కొంగు నడుముకి బిగించి, పళ్ళు కరుచుకుని కూర్చున్నది ఆయన భార్య.

బండి ఎట్టకేలకు మిట్ట ఎక్కి వెళ్ళిపోయింది. మాస్టారు అక్కడే కూర్చుండిపోయారు. పిక్క పట్టేసి కాలు తీయడానికి రాలేదు. తనకి చెప్పకుండా. తన స్కూల్లో. తన బండిలో. చాలా కాలం తర్వాత కోపం వచ్చింది. కాని ఇంటికి చేరేలోపే అదీ అలిసిపోయింది.

ఆవిడ కూరల సంచి పట్టుకుని ఏమీ ఎరగనట్టు వచ్చి టీ పెట్టింది. ఈయన తాగారు. చీకటి పడకముందే లేచి, ఎన్నాళ్ళకో స్కూలు గదిలోకి అడుగుపెట్టారు. బావమరిది తాళాలు సర్దుతున్నాడు.

“ఒరేయ్, మిట్ట దగ్గర బండి జారిందేం?”

అతని చేతిలో తాళాలు కింద పడ్డాయి. “చూశారా బావగారూ? చెప్పొద్దని ఒట్టేయించుకుంది అక్క. మీరు కంగారుపడితే గుండెకి...”

“నా గుండె సంగతి తర్వాత. ఈ వయసులో దానికి ఈ పిచ్చేమిటి?”

అతను తాళాలు ఏరుకుంటూ తల ఎత్తకుండా చెప్పాడు. “పిచ్చి కాదండీ. మళ్ళీ అలాంటిది వస్తే వీధుల్లో పడి పరిగెత్తలేనంది. మీరు ఇంటికొచ్చిన వారానికే నా దగ్గరికొచ్చింది. రెండుసార్లు పరీక్ష పోయింది. భయంగా ఉందా అని ఆఫీసరు అడిగితే, ఉందండీ, మా ఆయనకి గుండెజబ్బు అని ఏడ్చేసిందట. మీరు చెప్పే మెడ తిప్పుడు నేర్పుదామంటే, నిజంగా చూసినప్పుడే తిప్పుతాను పోరా అంది. మూడోసారి పాసైంది. లైసెన్సు కూడా వచ్చేసింది. ఆ మిట్ట ఒక్కటే లొంగడం లేదు. ఆసుపత్రి దారిలో ఆ మిట్ట ఉంది కదండీ మరి.”

మాస్టారు గోడకేసి తల తిప్పుకుని ఇంట్లోకి వచ్చేశారు.

మర్నాడు పొద్దున్న ఆవిడ ఎప్పటిలాగే మాత్రలు అరచేతిలో పెట్టింది. ఆయన వాటివైపు చాలాసేపు చూశారు. ఇక్కడ మాత్రలు మింగేశారని చెప్పగలిగితే బాగుండును. సిగ్గు వేసింది, ఏడుపు కూడా వచ్చినంత పనైంది, కాని చెయ్యి నోటిదాకా లేవలేదు. చేతికి అలవాటైన దారి జేబే. తను పారేస్తున్న ప్రాణం కోసం ఆవిడ ఆ వాలులో కుస్తీ పడుతోందని తెలిశాక బరువు పెరిగిందే గాని తగ్గలేదు.

ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. తమ్ముడికి ఫోను చేయబోతున్న భార్యని ఆపి, మేకుకున్న తాళం తీసి ఇచ్చారు.

“ఇదిగో, ఇవాళ నువ్వే తియ్యి.”

ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. “మీకెవరు చెప్పారు?”

“మిట్ట మీద చూశాను. పద.”

సొంత బండిలో పక్క సీటు కింద బ్రేకు లేదు. ఆయన కాలు పాత అలవాటుగా రబ్బరు పట్టా మీద వెతుక్కుని, అక్కడే ఆగింది. ఆవిడ బాగానే నడిపింది. మలుపుల దగ్గర నెమ్మదించింది. అద్దంలో నిజంగానే చూసింది. మిట్ట ఎక్కుతుండగా, ఎక్కడ పడకూడదో సరిగ్గా అక్కడే ఎర్రదీపం పడింది. వెనక లారీ వచ్చి ఆగింది. ఆవిడ పెదాలు ఏదో గొణుక్కుంటున్నాయి, క్లచ్చి, బ్రేకు, క్లచ్చి, బ్రేకు అని. ఇద్దరూ ఎదురుగా ఉన్న అద్దంలోంచి దీపాన్నే చూస్తున్నారు. ఎవరి కళ్ళలోకీ ఎవరూ చూడక్కర్లేదు.

“నేను మాత్రలు వేసుకోవడం లేదు” అన్నారు మాస్టారు.

ఆ మాట చెప్పడానికి లోకంలో ఇంకెవరూ ఆ చోటు ఎంచుకోరు. ఆవిడ చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి.

“ఎప్పట్నుంచి?”

“చాలా రోజులైంది. ఎందుకు వేసుకోవాలో తెలియడం లేదు. పొద్దున్న లేస్తే సాయంత్రం దాకా ఉండాలి కదా అనిపిస్తోంది. ఓపిక లేదే.”

పచ్చదీపం పడింది. ఆవిడ క్లచ్చి సగం వదిలి పట్టుకుంది. బండి ఒక్క అంగుళం కూడా వెనక్కి జారకుండా మిట్ట ఎక్కింది. వంతెన దిగాక ఇండికేటరు వేసి, పక్కకి తీసి ఆపి, చేతిబ్రేకు లాగింది. అన్నీ వరస ప్రకారం చేశాక ఆయన భుజం మీద పిడికిలితో గట్టిగా ఒక్క దెబ్బ వేసి, భోరుమంది.

“ఈ ముసలి మోకాళ్ళతో ఆ దిక్కుమాలిన క్లచ్చితో ఎవరికోసం చస్తున్నానండీ నేను? మీ మనసు కష్టపడుతుందని మా పెద్దక్క పోయినా మీకు చెప్పలేదు. పెరట్లో కూర్చుని ఏడ్చాను. జలుబని చెప్పాను. మీరేమో...”

“వదినగారు పోయారా?”

“పోయి నెల దాటింది.”

పండక్కో పబ్బానికో ఎప్పుడు కలిసినా మాస్టారి అరుపుల్ని వెక్కిరించి నవ్వించే మనిషి ఆవిడ. ఆయన కళ్ళలోంచి నీళ్ళు వాటంతట అవే కారాయి. ఇన్నాళ్ళకి లోపల ఏదో ఒకటి కదిలింది. అది సుఖంగా లేదు, చాలా నొప్పిగా ఉంది, కాని కదిలింది. ఇద్దరూ ఒకే కొంగుతో మొహాలు తుడుచుకున్నారు. రోడ్డు మీద పోయేవాళ్ళు చూస్తే చూశారు.

“ఆ డాక్టరమ్మకి ఏం చెబుతున్నారు మీరు?” అంది ఆవిడ చివరికి.

“లేదని.”

“వేటికి?”

“అన్నిటికీ.”

ఆవిడ తాళం తిప్పింది. “ఈసారి ఫెయిలై రండి. లేకపోతే ఇంటికి నడిచే రండి, నేను మటుకు ఎక్కించుకోను.”

చిన్న గది, అదే బల్ల, అదే పెన్ను. “ఈమధ్య ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉంటోందా సార్?” అని డాక్టరమ్మ చదివింది. మాస్టారి నడుం నిటారుగా అయింది. మొహం మామూలుగా సర్దుకుంది. ‘లేదమ్మా’ నాలుక చివరికి వచ్చేసింది. ఆయన బల్ల అంచు పట్టుకున్నారు, ఆ తెల్లవారుజామున మంచం అంచు పట్టుకున్నట్టే.

“రోజూనే” అన్నారు.

డాక్టరమ్మ పెన్ను ఆగింది. “పోయినసారి లేదన్నారు కదండీ?”

“పోయినసారి పాసవడానికి చెప్పానమ్మా.”

ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. మిగతా ప్రశ్నలు నెమ్మదిగా, ఒక్కోటీ ఆగి ఆగి అడిగింది. బతకాలని లేదని ఎప్పుడైనా అనిపిస్తోందా అన్న చోట ఆయన జేబులోంచి ఆ పొద్దుటి మాత్రలు తీసి బల్ల మీద పెట్టారు. డాక్టరమ్మ వాటిని చూసి తిట్టలేదు. ముందు గుండె డాక్టరుకి ఫోను చేసింది, తర్వాత మనసు డాక్టరుకి. “ఇది పరిశోధన సంగతి కాదు సార్. ఇవాళే ఇద్దరూ మిమ్మల్ని చూస్తారు” అంది. మాత్రలు మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో గుండె డాక్టరు చెప్పి, కొన్ని తన ముందే మింగించాడు. మనసు డాక్టరు చాలాసేపు కూర్చోబెట్టుకుని, మర్నాడు మళ్ళీ రమ్మన్నాడు. భార్యని కూడా తీసుకురమ్మన్నాడు.

బయటికొచ్చేసరికి మాస్టారికి నిలబడే ఓపిక లేదు. ఏదీ తేలికపడలేదు. ఒళ్ళంతా ఎవరో పిండేసినట్టుంది. ఆవిడ బండిలోనే కూర్చుని ఉంది, రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టుకుని. ఆయన తలుపు తీసి పక్క సీట్లో కూలబడ్డారు.

“ఏమైంది?”

“ఫెయిలయ్యాను.”

ఆవిడ మెడ తిప్పి ఆయన మొహంలోకి నిజంగా చూసింది. తర్వాత తాళం తిప్పింది.

“బెల్టు పెట్టుకోండి” అంది.